పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు: నాలుగు దారులు, ఒకే నియమం

ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఆన్ చేశాక పనిలోకి రావడానికి పది నిమిషాలు తీసుకుంటోందంటే, చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, లోపల తిరుగుతున్న హార్డ్ డిస్కుది. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ వేస్తే అదే యంత్రం ఇంకొన్నేళ్లు చక్కగా పనికొస్తుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని మండల కేంద్రంలోని ఒంటిగది సర్వీస్ షాపు దాకా ఈ మార్పిడి నిత్యం జరిగే పనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. దాంతో కొత్త డిస్కుకో, కొత్త కంప్యూటర్‌కో మారే ఆలోచన మరిన్ని ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చింది.

అందరూ అడిగేది ఒకటే: డేటా పోకుండా మార్చవచ్చా? మార్చవచ్చు. అయితే ఆ ఒక్క ప్రశ్నలో మూడున్నాయి. మన ఫైళ్లు ఎలా వస్తాయన్నది మొదటిది. వాటిని తెరిచే సిస్టం, అంటే విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు ఎలా వస్తాయన్నది రెండోది. లైసెన్సులు, పాస్‌వర్డులు, ఎన్‌క్రిప్షన్ కీలు ఎలా వస్తాయన్నది మూడోది. మొదటి రెండింటి గురించి సలహాలకు కొదవ లేదు. జనం నష్టపోతున్నది ఎక్కువగా మూడోదాని దగ్గర. పని పూర్తయిందని తొందరపడి పాత డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు ఆ నష్టం పూడ్చలేనిదవుతుంది. ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి సరిపోతుందో చూద్దాం.

ముందు పాత డిస్కును చూడాలి

ఏ దారి ఎంచుకోవాలన్నది పాత డిస్కు ఆరోగ్యం తేలుస్తుంది. ప్రతి డిస్కూ తన పరిస్థితిని ‘స్మార్ట్’ అనే పట్టికలో తానే నమోదు చేసుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో దాన్ని చదవవచ్చు. అందులో 5, 197, 198 అంకెల వరుసలు (ఆ ప్రోగ్రాములో మామూలుగా 05, C5, C6గా కనిపిస్తాయి) ముఖ్యం. పాడై పక్కన పెట్టిన సెక్టార్లు, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయిన సెక్టార్లు ఎన్నో అవి చెబుతాయి. ఈ లెక్కలు సున్నా దాటి రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

అలాంటి డిస్కు మీద మామూలు క్లోనింగ్, అంటే డిస్కును ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించడం, మొదలుపెట్టకూడదు. డిస్కంతా చదివించే చెక్‌డిస్క్ లాంటి మరమ్మతులూ చేయకూడదు. ముందుగా మళ్లీ సంపాదించుకోలేని ఫైళ్లు, అంటే ఫోటోలు, లెక్కలు, రాతప్రతులు బయటికి తీయాలి. ఆ తర్వాతే మిగతావి. లైనక్స్‌లో దొరికే డీడీ రెస్క్యూ ఈ పనికే పుట్టింది. తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు కాపీ చేసి, మొండి భాగాలను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే సాగుతుంది. డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడమే దారి. అలా కొట్టుకునే డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే లోపలి పళ్లెం గీసుకుపోయి, దొరకాల్సినవి కూడా దొరకవు.

డిస్కులు అరుదుగా పోతాయనుకోవడం సరికాదు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ తన లెక్కలను ఏటా బయటపెడుతుంది. 2024లో దాని హార్డ్ డిస్కుల వైఫల్య రేటు 1.57 శాతం. చల్లని గదుల్లో, కదలకుండా ఉండే డిస్కుల సంగతి ఇది. బస్సుల్లో, బైకుల మీద తిరిగే ల్యాప్‌టాప్ డిస్కుకు ఆ సౌఖ్యం లేదు.

కొనేముందు కొన్ని లెక్కలు

కొత్త డిస్కు ఎంత పెద్దదైతే చాలు? కంపెనీలు పదుల లెక్కలో కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కలో చూపుతుంది. అందుకే 1 టీబీ డిస్కు 931 జీబీగా, 500 జీబీది 465 జీబీగా కనిపిస్తుంది. దీనివల్ల నష్టమేమీ లేదు. చిక్కు వచ్చేది 500 జీబీ హార్డ్ డిస్కు నుంచి 480 జీబీ ఎస్ఎస్‌డీకి మారేటప్పుడు. డేటా 200 జీబీయే ఉన్నా, సెక్టార్‌కు సెక్టార్ కాపీ చేసే పద్ధతికి చోటు చాలదు. పార్టిషన్లను ముందే కుదించాలి, లేదా కుదిస్తూ కాపీ చేసే సాఫ్ట్‌వేర్ వాడాలి.

సరైన రకం కొనడం కూడా ముఖ్యం. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు స్థానంలో సరిగ్గా కూర్చుంటుంది. ఎం.2 రకం చిన్న పట్టీలా ఉంటుంది. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని. ఎం.2 స్లాట్ ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ అనే మరింత వేగమైన రకం ఎస్ఎస్‌డీ పనిచేస్తుందని అనుకోకూడదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ స్లాట్ సాటాను మాత్రమే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ మోడల్ వివరాలు చూసుకున్నాకే కొనాలి.

వేగం విషయంలో సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. మూడో తరం పీసీఐఈ మీద నడిచే ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. అయితే మార్పిడికి పట్టే సమయాన్ని కొత్త డిస్కు కాదు, దారిలో అన్నిటికంటే నెమ్మదైన వస్తువు నిర్ణయిస్తుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు సెకనుకు 35 ఎంబీ ఇస్తే 500 జీబీ కదలడానికి సుమారు నాలుగు గంటలు కావాలి. అదే డిస్కు యూఎస్‌బీ 3.0 మీద 100 ఎంబీ వేగంతో గంటన్నర లోపే పని ముగిస్తుంది. లక్షల చిన్న ఫైళ్లున్న చోట ఈ లెక్కా పనిచేయదు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతి చిన్న ఫైలు కోసమూ అది వెతుక్కుంటూ తిరగాలి.

మొదటి దారి: ఫైళ్లు మాత్రమే

బయటి డిస్కు పెట్టి ఫోల్డర్లను కాపీ చేయడం అందరికీ తెలిసిన పద్ధతి. ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఇబ్బందల్లా ఏవి ఎక్కడున్నాయో మనకే తెలియకపోవడం. ‘సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తాం, డి డ్రైవ్ అలాగే ఉంటుంది’ అన్న మాట మన సర్వీస్ షాపుల్లో తరచూ వినిపిస్తుంది. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ ఉండేది సి లోనే. బ్రౌజర్ బుక్‌మార్కులు, పాత ఔట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైళ్లు, ట్యాలీ కంపెనీల డేటా ఫోల్డర్ కూడా చాలా కంప్యూటర్లలో అక్కడే ఉంటాయి. కొన్ని యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి కంటికి కూడా కనిపించవు. వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు మరో చిక్కు: ఫైలు పేరు కంప్యూటర్‌లో కనిపిస్తుంది, అసలు ఫైలు క్లౌడ్‌లోనే ఉంటుంది. వాటిని ముందుగా దించుకోవాలి.

ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ కంటే పెద్ద ఫైలును తీసుకోదు. పెళ్లి వీడియోల దగ్గర చాలామందికి ఇది ఎదురవుతుంది. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకుంటే సరి. పెద్ద మొత్తంలో కాపీ చేసేటప్పుడు మౌసుతో లాగడం కంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ మేలు. మధ్యలో ఆగితే మళ్లీ నడిపినప్పుడు వచ్చేసినవాటిని వదిలి మిగిలినవే తీసుకుంటుంది, ఏవి రాలేదో చివర్లో చెబుతుంది. దాని ‘మిర్’ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేయడం దాని పని. రెండు డిస్కుల పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కుకు నకలుగా నిండు డిస్కు కూడా ఖాళీ అవుతుంది.

రెండో దారి: క్లోనింగ్

డిస్కును ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించడం క్లోనింగ్. విండోస్, ప్రోగ్రాములు, వాల్‌పేపర్‌తో సహా అన్నీ వచ్చేస్తాయి. దీన్ని జనంలోకి తెచ్చినవాటిలో ‘ఘోస్ట్’ ఒకటి. 1990ల మధ్యలో న్యూజిలాండ్‌లో మర్రీ హాజర్డ్ రాసిన ఆ ప్రోగ్రామును 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. మన కంప్యూటర్ మెకానిక్కులు చాలాకాలం క్లోనింగ్‌ను ‘ఘోస్ట్ కొట్టడం’ అనే అన్నారు. నేడు తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రం నుంచి వచ్చిన క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంది. శాంసంగ్, క్రూషియల్, కింగ్‌స్టన్ లాంటి కంపెనీలు తమ ఎస్ఎస్‌డీ కొన్నవాళ్లకు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. చాలామంది నమ్ముకున్న మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ను మాత్రం ఆ కంపెనీ ఆపేసింది.

అదే కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసేవాళ్లకు ఇంతకంటే సులువైనది లేదు. అయినా తెలుసుకోవాల్సిన మలుపులు ఐదున్నాయి.

మొదటిది దిశ. ఏది మూలం, ఏది గమ్యం అన్నది డిస్కు సైజు, కంపెనీ పేరు, సీరియల్ నంబరు చూసి రెండుసార్లు నిర్ధారించుకోవాలి. తిరగేస్తే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది, దానికి మందు లేదు.

రెండోది పార్టిషన్లు. సి డ్రైవ్ ఒక్కటే కాపీ చేస్తే కంప్యూటర్ బూట్ కాదు. యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయ్యే కంప్యూటర్‌లో బూట్ ఫైళ్లు వేరే చిన్న పార్టిషన్‌లో ఉంటాయి, అదీ రావాలి. పెద్ద డిస్కుకు మారాక సి డ్రైవ్ పెరగడం లేదంటే, చాలాసార్లు దాని పక్కనే రికవరీ పార్టిషన్ అడ్డుగా కూర్చుని ఉంటుంది. దాన్ని చివరికి జరపాలి.

మూడోది డిస్కు మీద పార్టిషన్ల పట్టిక రాసే రెండు పద్ధతులైన ఎంబీఆర్, జీపీటీల తేడా. 1983 నాటి ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. 4 టీబీ డిస్కులోకి ఎంబీఆర్‌ను క్లోన్ చేస్తే సగం డిస్కు వృథా. విండోస్ 10లో 2017 నుంచి ఉన్న ఎంబీఆర్2జీపీటీ ఎంబీఆర్ డిస్కును జీపీటీకి మారుస్తుంది. ఆ తర్వాత బయోస్‌లో బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐకి మార్చాలి.

నాలుగోది విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్, బిట్‌లాకర్. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందో లేదో ముందే చూసుకుని, ఉంటే ఆపి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. హోమ్ ఎడిషన్‌లో ఇది డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు.

ఐదోది మొదటి బూట్. రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే విండోస్ తికమకపడి ఒకదాన్ని పక్కన పెడుతుంది. క్లోనింగ్ అయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్కు తీసేసి, కొత్తదానితో మాత్రమే తెరవాలి. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు నీలి తెరతో ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తే సాధారణంగా డ్రైవర్ సమస్య. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

క్లోనింగ్‌కు ఒక పరిమితి కూడా ఉంది. మంచితో పాటు చెడూ వస్తుంది. వైరస్, విరిగిపోయిన అప్‌డేట్లు, పదేళ్ల చెత్త కొత్త డిస్కులో కూడా కొనసాగుతాయి.

మూడో దారి: ఇమేజ్

డిస్కు మొత్తాన్ని ఒక పెద్ద ఫైలుగా మూడో డిస్కులో దాచి, దాని నుంచి కొత్త డిస్కులోకి దించడం ఇది. రెండు దశలు కాబట్టి ఎక్కువ సమయం, అదనంగా ఒక బయటి డిస్కు, బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ కావాలి. అందుకే చాలామంది దీని జోలికి పోరు. నా దృష్టిలో మాత్రం ఆఫీసులకు, లెక్కలు చూసేవాళ్లకు ఇదే అన్నిటికంటే భద్రమైనది. దించేటప్పుడు ఏదైనా తప్పు జరిగితే మళ్లీ మొదటి నుంచి దించుకోవచ్చు. మార్పిడి అయిపోయాక కూడా ఆ ఇమేజ్ బ్యాకప్‌గా మిగులుతుంది. క్లోనింగ్‌లో ఈ రెండో అవకాశం పాత డిస్కు బతికి ఉన్నంతకాలమే. ఇమేజ్ తయారయ్యాక సరిచూసే ‘వెరిఫై’ను తప్పకుండా నడపాలి.

నాలుగో దారి: కొత్తగా ఇన్‌స్టాల్

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసుకుని, కొత్త డిస్కులో శుభ్రంగా ఎక్కించి, ఫైళ్లను ఆ తర్వాత తెచ్చుకోవడం ఇది. వైరస్ పట్టిన సిస్టంకు, దొంగ యాక్టివేటర్లతో నడుస్తున్న సిస్టంకు, పూర్తిగా వేరే కంప్యూటర్‌కు మారేవాళ్లకు ఇదే సరైనది. డిస్కు మారిస్తే విండోస్ లైసెన్స్ పోతుందన్న భయం అక్కర్లేదు. విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్స్ ముడిపడి ఉండేది ప్రధానంగా మదర్‌బోర్డుతో. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డులోనే నమోదై వస్తోంది. మరో మాట కూడా గుర్తుంచుకోవాలి: కొత్త ఎస్ఎస్‌డీ వేసినంత మాత్రాన పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత రాదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, మైక్రోసాఫ్ట్ గుర్తించిన ప్రాసెసర్ కావాలి.

లైనక్స్‌లో ఆర్‌సింక్‌తో ఫైళ్లన్నీ హక్కులతో సహా తెచ్చుకోవచ్చు. కొత్త పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలను ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో మార్చి, బూట్‌లోడర్‌ను మళ్లీ ఎక్కించాలి. మ్యాక్‌లో టైమ్ మెషిన్ బ్యాకప్, మైగ్రేషన్ అసిస్టెంట్ కలిస్తే పని నడుస్తుంది.

కాపీలో రానివి

ఇక అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే విషయం. క్రోమ్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి కొత్త విండోస్‌లో పెట్టినా అందులో దాచిన పాస్‌వర్డులు తెరుచుకోవు. అవి పాత విండోస్ ఖాతాతో ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. గూగుల్ ఖాతాతో సింక్ చేయడమో, ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమో చేయాలి. ట్యాలీ లైసెన్స్ కంప్యూటర్‌తో ముడిపడినది. పాతదాంట్లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లో భద్రంగానే ఉంటుంది గానీ, దాని డ్రైవర్ కొత్త సిస్టంలో లేకపోతే జీఎస్టీ రిటర్ను దాఖలు చేసే రోజున చిక్కు తెస్తుంది.

తెలుగు వాళ్లకు ప్రత్యేకమైన నష్టం ఇంకొకటి ఉంది. శుభలేఖల నుంచి పుస్తకాల దాకా దశాబ్దాల డీటీపీ పని పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో జరిగింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఫైలు కాపీ అయి ఫాంటు రాకపోతే తెర మీద అర్థంలేని గీతలు, గుర్తులే మిగులుతాయి. ఫాంటు వచ్చినా ప్రోగ్రాము ఉండాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా ఆ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. కాబట్టి చిన్న పత్రికలు నడిపేవాళ్లు, ప్రచురణకర్తలు, రచయితలు డిస్కు మార్పిడిని ఒక అవకాశంగా తీసుకోవాలి. పాత సిస్టం ఇంకా నడుస్తున్నప్పుడే ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా తీసుకోవాలి, మూల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఒక రచయిత జీవితకాలపు రాతలు కళ్లముందున్నా చదవలేని స్థితి రావడం కంటే విచారకరమైనది లేదు. దాన్ని ఆపడం మన చేతిలోనే ఉంది.

పాత డిస్కు ఎప్పుడు చెరపాలి

కాపీ నూరు శాతం అయిందని తెర మీద వచ్చినంత మాత్రాన మార్పిడి పూర్తి కాదు. పాత డిస్కు బయట ఉండగా కొత్తది ఒంటరిగా బూట్ కావాలి. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోలాలి. ప్రతి రకం ఫైలునూ, అంటే ఒక ఫోటో, ఒక వీడియో, ఒక ట్యాలీ కంపెనీ, ఒక పాత మెయిల్, ఒక అను ఫైలు తెరిచి చూడాలి. ప్రింటర్, స్కానర్, టోకెన్ పనిచేయాలి. ఇంత జరిగాక కూడా పాత డిస్కును కనీసం ఒక నెల తాకకుండా దాచాలి. నెలాఖరు లెక్కలు, ఎప్పుడో ఒకసారి తీసే ఫైళ్లు అప్పుడే గుర్తొస్తాయి. ఏ దశలోనూ కట్ అండ్ పేస్ట్ వాడకూడదు, కాపీయే చేయాలి.

ఆ తర్వాత అమ్మేయాలన్నా, పారేయాలన్నా చెరపడం తప్పనిసరి. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జాబితాను మాత్రమే తీసేస్తుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. హార్డ్ డిస్కుకు క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ మొత్తం సున్నాలు రాస్తుంది. ఎస్ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పనికిరాని డిస్కును పాత సామాను వాళ్లకు కాకుండా నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 ఈ-వేస్ట్ నిబంధనల ఉద్దేశమూ అదే.

తేలిన మాట

అదే కంప్యూటర్, ఆరోగ్యంగా ఉన్న సిస్టం, మారేది డిస్కు మాత్రమే అయితే క్లోనింగ్. సిస్టం జబ్బుపడి ఉన్నా, కంప్యూటరే కొత్తదైనా తాజా ఇన్‌స్టాల్, ఆపై ఫైళ్లు. వ్యాపార లెక్కలు, ఆఫీసు రికార్డులు ఉంటే ఇమేజ్. డిస్కు చివరి ఘడియల్లో ఉంటే సిస్టం సంగతి మరిచిపోయి, ముందు ఫైళ్లు. నాలుగింటికీ వర్తించే నియమం ఒకటే: కొత్తది తన కాళ్ల మీద నిలబడిందని రుజువయ్యేదాకా పాతదాన్ని చెరపకూడదు.

షాపులో ఇచ్చేవాళ్లు రెండు మాటలు ముందే చెప్పండి: ‘పాత డిస్కు ఫార్మాట్ చేయొద్దు, దాన్ని నాకు తిరిగివ్వండి.’ ఇంటికి తెచ్చాక మరో బయటి డిస్కు కొని ఇంకొక కాపీ చేసుకోండి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇంటికైనా, ఆఫీసుకైనా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, అందులో ఒకటి వేరే చోట. ఈ క్రమశిక్షణ అలవాటైతే, వచ్చేసారి డిస్కు మార్చాల్సి వచ్చినప్పుడు డేటా పోతుందేమోనన్న ప్రశ్నే మీకు రాదు.